కింగ్‌స్నేక్‌లలో మన వైపు ఏది నిలుస్తుంది: కాలిఫోర్నియా, మెక్సికన్ బ్లాక్, ఫ్లోరిడా, స్పెకిల్డ్?

వంశధార_గుణుపురం
కింగ్‌స్నేక్ పెంచుదామని నిర్ణయం అయిపోయింది, ఏ రకమన్న దగ్గరే బండి ఆగింది. కాలిఫోర్నియా, మెక్సికన్ బ్లాక్, ఫ్లోరిడా, స్పెకిల్డ్ అని అమ్మేవాళ్ళు నాలుగు పేర్లు చెప్తారు, ధరలు చెప్తారు. తేడా ఏటంటే మాత్రం "అన్నీ ఒకటే, రంగు చూసి తీసుకోండి" అంటారు. నిజంగా అంతేనా? మాది గుణుపురం. మే నెలలో గది 38 డిగ్రీల దాకా పోతుంది, వానాకాలం గోడలు చెమ్మగిల్లుతాయి, గాలివాన వస్తే కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదు. ఇదే మొదటి పాము. చేతికి మచ్చికవ్వాలి, తిండికి పేచీ పెట్టకూడదు, ఈ వాతావరణానికి ఓర్చుకోవాలి. మనసు మాత్రం నలుపు తెలుపు పట్టీల కాలిఫోర్నియా మీదుంది.

బరంపురం_పట్టు
కింగ్ అని చూసి గిరినాగు అనుకుని తెరిచాను. దాన్ని ఇంట్లో పెంచడమేటి?

నాగావళి_గట్టు
గిరినాగు కాదు పట్టు గారూ. గిరినాగు మన కొండల్లోది, విషపు పాము, చట్టం కాపాడుతున్నది. ఇది అమెరికా పాము, శాస్త్రం పేరు లాంప్రొపెల్టిస్. విషం లేదు, చుట్టుకుని బిగించి చంపుతుంది. రెండూ తోటి పాముల్ని తింటాయి కాబట్టి రెండింటికీ ఆ పేరు వచ్చింది, చుట్టరికం ఏమీ లేదు.

చలికొండ_సిమిలిగుడ
"అన్నీ ఒకటే" అన్న మాటలో సగం నిజం. పాత లెక్కలో ఇవన్నీ లాంప్రొపెల్టిస్ గెటులా అనే ఒక్క జాతికి ఉపజాతులు. 2009లో జన్యువులు చూసి ఐదు జాతులుగా విడదీశారు: గెటులా, నైగ్రా, హోల్‌బ్రూకీ, స్ప్లెండిడా, కాలిఫోర్నియే. ఆ లెక్కన మెక్సికన్ బ్లాక్ కాలిఫోర్నియాలో కలిసిపోయింది, ఫ్లోరిడా తూర్పు గెటులాలో కలిసింది. పెంచేవాళ్ళు ఇంకా పాత పేర్లే వాడతారు, ఇక్కడా అవే వాడదాం.

కాలిఫోర్నియా పెద్దదైతే మూడు, నాలుగు అడుగులు. దాని సొంత దేశంలో ఎడారిలోనూ ఉంటుంది, సముద్రపు ఒడ్డునా ఉంటుంది, పొలాల్లోనూ ఉంటుంది. అందుకే ఎండకీ చెమ్మకీ కొంత ఓర్పు ఎక్కువ. గుడ్డులోంచి వచ్చిన పిల్ల తొలి కుబుసం విడిచాక పింకీ, అంటే ఒంటి మీద బొచ్చు రాని ఎలుకపిల్ల, పెడితే మారు మాట్లాడకుండా మింగుతుంది. పిల్లప్పుడు తోక గిలక్కొట్టి కంపు వదులుతుంది, ఏడాది తిరిగేసరికి ఆ భయం పోతుంది. తిండి ఆత్రం మాత్రం ముసలితనం దాకా పోదు.

మెక్సికన్ బ్లాక్‌ది సోనోరా ఎడారి వైపు. కొలత అంతే. ఒళ్ళంతా గాజులా నలుపు. కాలిఫోర్నియా కన్నా నిమ్మళంగా ఉంటుందని చాలామంది అంటారు, పిల్లల్లో ఆ తేడా పెద్దగా కనపడదు.

ఫ్లోరిడా నాలుగు నుంచి ఐదడుగులు, ఒళ్ళు దళసరి. నాలుగింటిలో చేతిలో కుదురుగా ఉండేది ఇదే. పిల్లప్పుడు ముదురు రంగు మీద పట్టీలతో పుడుతుంది, రెండు మూడేళ్ళు పెరిగేకొద్దీ పసుపు తేలుతుంది. పిల్ల రంగు చూసి పెద్దదాని రంగు చెప్పలేం. కొన్ని పిల్లలు మొదట పింకీ ముట్టవు, బల్లి వాసన కావాలి వాటికి.

స్పెకిల్డ్‌ది మిసిసిపి లోయ. ప్రతి నల్ల పొలుసు మీదా ఒక పసుపు చుక్క, ఉప్పూ మిరియాలూ చల్లినట్టు. చూడ్డానికి అందం, పట్టుకోడానికి చికాకు. మొదటి పాముగా వద్దు.

ప్రాణహిత_సిరొంచ
స్పెకిల్డ్‌ను గట్ల ఒక్క మాటల తీసిపారేయకు అన్నా. పట్టుకునే తీరు సరిగ్గ లేకుంటే ఏ కింగైనా కరుస్తది. పెట్టె తెరిస్తే తిండే వస్తదని దానికి అలవాటైపోతది, గదే అసలు సంగతి. ఇనుప కొక్కెంతోని దాని ఒంటి నడిమి మీద మెల్లగ రెండు సార్లు తట్టాలె. తట్టినంక నాలుక ఆడిస్తూ వెనక్కి జరిగితే తిండి కాదని దానికి తెలిసినట్టు, అప్పుడు కిందికెల్లి చెయ్యి పెట్టి నడుమ దగ్గర లేపాలె. పైనుంచి తలకాయ మీదికి చెయ్యి పోనియ్యద్దు, గద్ద అనుకుంటది. రోజుకు 5 నిమిషాలు చాలు, తిన్న తర్వాత 48 గంటలు ముట్టద్దు.

చలికొండ_సిమిలిగుడ
తట్టే పద్ధతి మంచిది, ఒప్పుకుంటాను. కానీ ఒకే ఇంట్లో ఒకేలా పెంచినా స్పెకిల్డ్ పిల్లలు ఫ్లోరిడా పిల్లల కన్నా ఎక్కువ కరుస్తాయి. మొదటిసారి పెంచేవాడికి ఆ తేడా లెక్కే.

బరంపురం_పట్టు
కరిస్తే ఏం చెయ్యాలి?

ప్రాణహిత_సిరొంచ
గుంజద్దు. పండ్లు వెనుకకు వంగి ఉంటయి, గుంజితే మనిషి చర్మం చిరుగుతది, పాము పండ్లు విరిగి లోపలుంటయి. కింగ్ ఒకసారి పడితే నములుతది, వదలదు. నల్లా కింద చల్లనీళ్ళు దాని మూతి మీద పడనీ, వదుల్తది. తర్వాత సబ్బుతోని కడుక్కోవాలె. పాములకు సాల్మొనెల్లా అనే జబ్బు క్రిమి ఉంటది, కరవకున్నా ముట్టిన ప్రతిసారీ కడుక్కోవాలె. పెట్టె, నీళ్ళ గిన్నె వంటింటి సింకుల కడగద్దు.

కొమ్ముబొమ్మ_పర్లాకిమిడి
గుణుపురం తమ్ముడూ, నలుపు తెలుపు పట్టీలది అన్నావు చూడు, అందరూ ఓర్పు గురించీ కోపం గురించీ మాట్లాడుతున్నారు గాని అసలు ఆలోచించాల్సింది అక్కడ. మన ఊళ్ళలో కట్లపాము ఉంది. ఒడియా వాళ్ళు చితి అంటారు. వానాకాలం రాత్రి గోడ వారన ఇంట్లోకి వచ్చేది అదే. నేల మీద పడుకున్నవాళ్ళని కరిచేదీ అదే. కాటు నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనపడదు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోయి ఊపిరి అందదు.

నీ పాము పెట్టెలోంచి జారిందనుకో. మూడో రోజు రాత్రి టార్చి వేస్తే బియ్యం బస్తా వెనకాల నల్లటి ఒంటి మీద తెల్ల పట్టీల పాము కనపడింది. అది నీదా, చితా? మన పామే అని చెయ్యి పెడితే ప్రాణం పోవచ్చు. లేదంటే పక్కింటివాళ్ళు కర్రతో కొట్టి చంపేస్తారు, వాళ్ళని తప్పు పట్టలేం.

తేడా దగ్గరగా చూస్తే తెలుస్తుంది. కట్లపాము పట్టీలు సన్నం, చాలాసార్లు జంటలు జంటలుగా ఉంటాయి, మెడ నుంచి కొంత దూరం పట్టీలు ఉండవు, ఉన్నా చుక్కల్లా ఉంటాయి. కాలిఫోర్నియాకి పట్టీలు వెడల్పు, తల వెనక నుంచే మొదలవుతాయి, పెదవుల మీద కూడా తెల్ల గీతలుంటాయి. కట్లపాముకి వెన్ను మధ్యన ఒక వరస పొలుసులు మిగతావాటికన్నా పెద్దవి, ఆరు పలకలు. కింగ్‌కి వెన్ను మీద అన్ని పొలుసులూ ఒకే కొలత. తోక అడుగున కట్లపాముకి పలకలు ఒకే వరస, కింగ్‌కి రెండు వరసలు.

ఇవన్నీ ఫోటోలో చూసుకోడానికి పనికొస్తాయి. రాత్రి టార్చి వెలుగులో పాము కదులుతుంటే పొలుసు లెక్కపెట్టలేం. అందుకని మన జిల్లాల్లో పట్టీల కాలిఫోర్నియా వద్దన్నదే నా మాట. అదే కాలిఫోర్నియాలో వెన్ను పొడవునా గీత ఉన్న రకం ఉంది, బనానా అని పసుపు ఎక్కువున్నది ఉంది, నలుపు రంగే పుట్టని ఆల్బినో ఉంది. ఒంటి తీరు ఒకటే, తిండి ఒకటే. కట్లపాములా కనపడవు, అంతే తేడా.

నాగావళి_గట్టు
పెట్టె గట్టిగా ఉంటే పారిపోదు కదా అన్నా. ఆ ఒక్క కారణానికి నచ్చిన పాముని వదులుకోవాలా?

కొమ్ముబొమ్మ_పర్లాకిమిడి
పారిపోదని ఎవరు హామీ ఇస్తారు? పాముల్లో తప్పించుకోవడానికి కింగ్ పెట్టింది పేరు. తల దూరే సందు ఉంటే ఒళ్ళంతా దూరినట్టే. జరిపే అద్దాల పెట్టెలో రెండు అద్దాల మధ్య 5, 6 మిల్లీమీటర్ల సందు ఉంటుంది, పిల్ల కింగ్ అక్కడే మూతి పెట్టి రాత్రంతా తోస్తుంది. నచ్చిన పాము కన్నా ఇంట్లో నేల మీద పడుకునే పిల్లలు ముఖ్యం.

నాగావళి_గట్టు
సరే, పిల్లలున్న ఇంటికి ఆ మాట ఒప్పుకుంటాను. మరి నల్లదైన మెక్సికన్ బ్లాక్ కూడా మనవాళ్ళ కంటికి నల్లతాచే కదా?

కొమ్ముబొమ్మ_పర్లాకిమిడి
కొట్టి చంపే ప్రమాదం దానికీ ఉంది. కానీ పెంచినవాడు పొరబడడు. నాగు పడగ విప్పుతుంది, బుస కొడుతుంది, కట్లపాము పగలు ముడుచుకుని పడుకుంటుంది. కట్లపామును మన పామే అనుకునే పొరపాటే మనిషిని తీసుకుపోయేది.

ఏ రకమైనా తప్పిపోతే వట్టి చేత్తో పట్టుకోవద్దు. కొక్కెం, మూతున్న బకెట్టు, టార్చి తీసుకుని ముందు ఫోటో తియ్యి. అనుమానమే నిలిస్తే పాములు పట్టేవాళ్ళని పిలువు. ఎవరికైనా కాటు పడ్డదని అనుమానం వస్తే కట్టు కట్టడం, కోయడం, పసరు పోయడం ఏదీ వద్దు, 108కి ఫోన్ చేసి బేగి పెద్దాసుపత్రికి తీసుకుపో. మన దేశపు విరుగుడు మందు నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ పనిచేస్తుంది.

బల్లార్షా_బొగ్గుబావి
గుణుపురంల 38 అంటే భయపడుతున్నవా తమ్మీ? చంద్రపూర్ దిక్కు మేల 46, 47 పోతది. గది 34 దాటి గంటలకు గంటలు ఉన్నదంటే ఏ కింగైనా ప్రమాదమే, ఎడారి పామైనా సరే. ఎడారిల అది పగలు బొరియల ఉంటది, ఎండల కాదు. పాము నీళ్ళ గిన్నెల మునిగి బయటికి రాకుంటే, మూతి తెరిచి ఊపిరి పీల్చుతుంటే, వేడి ఎక్కువైందని లెక్క.

పెద్ద మట్టి కుండ తీసుకో, మెడ కాడ పగలగొట్టి అంచు రాయితోని రుద్దు, బోర్లించి పెట్టు. పైన రోజుకు రెండు సార్లు తడి గుడ్డ. లోపల బయటికన్న చల్లగుంటది. సీసాల నీళ్ళు గడ్డ కట్టించి, గుడ్డ చుట్టి, పెట్టెకు ఒక దిక్కు బయట ఆనిస్తే ఆ మూల చల్లబడ్తది, పాము తనకు కావాల్సిన చోటు తనే వెతుక్కుంటది. కూలర్ కూడా మంచిగనే పనిచేస్తది.

బరంపురం_పట్టు
కూలర్ మీ పొడి ఎండకి. సముద్రపు గాలి ఉన్న చోట కూలర్ వేస్తే చల్లబడదు, చెమ్మ మాత్రం పెరుగుతుంది. బరంపురం, ఛత్రపురం వైపు ఫ్యానూ గడ్డకట్టిన సీసా మీదే ఆధారపడాలి. మేడ మీది గది వద్దు, కింది గదిలో ఉత్తరం గోడ వైపు నేల మీద పెట్టాలి.

బల్లార్షా_బొగ్గుబావి
ఒప్పుకుంటున్న. కుండ సంగతి కూడ మా దిక్కు పొడి గాలికే ఎక్కువ పనిచేస్తది.

జయపురం_పశువైద్యం
ఇంతవరకు మంచి సలహాలే. వైద్యం వైపు నుంచి కొన్ని.

ఒకటి, ఫినైల్. మన ఇళ్ళలో రోజూ గచ్చు తుడిచేది దాంతోనే. ఫినాల్ పాములకు విషం. పెట్టె ఉన్న గదిలో వాడొద్దు. దోమల కాయిల్, స్ప్రే, కలరా ఉండలు కూడా అంతే. పెట్టె కడగడానికి వేడినీళ్ళు, గిన్నెల సబ్బు, బాగా ఆరబెట్టడం చాలు.

రెండు, కింద పరిచేది. సామిల్లు నుంచి రంపపు పొట్టు ఉచితంగా తెచ్చి వేస్తారు. ఏ చెక్కో తెలీదు, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దేవదారు లాంటి చెక్క నూనెలు ప్రమాదం. వానాకాలం నాలుగు నెలలు పాత న్యూస్‌పేపర్ మేలు, తడిస్తే వెంటనే మార్చొచ్చు. కొబ్బరి పీచు పొట్టు చలికాలం, ఎండాకాలం బాగుంటుంది. జూలైలో అదే పొట్టు చెమ్మ పట్టి పొట్ట కింద పొలుసుల మీద నీటి పొక్కులు తెస్తుంది. ఈ జబ్బు ఎడారి రకాలకి, అంటే మెక్సికన్ బ్లాక్‌కి, త్వరగా వస్తుంది. ఫ్లోరిడాకి 50, 60 శాతం తేమ హాయి, కానీ గాలి ఆడని తడి దానికీ పడదు.

మూడు, తిండి. 6 నుంచి 10 గ్రాముల పిల్లకి 5 రోజులకొక పింకీ. ఏడాది పిల్లకి బొచ్చు వచ్చిన ఎలుకపిల్ల వారానికొకటి. పెద్దదానికి 20, 25 గ్రాముల ఎలుక పది రోజులకొకటి చాలు. కింగ్ ఎప్పుడూ ఆకలిగానే కనిపిస్తుంది, దాని ముఖం చూసి పెడితే రెండేళ్ళలో ఒళ్ళు పడుతుంది. తోక దగ్గర కొవ్వు మడతలు కనపడితే రోజులు పెంచాలి. ఎలుక మందం పాము నడుము మందానికి మించకూడదు. ఇంటి ఎలుకలు, పొలం ఎలుకలు వద్దు. మందు తిన్న ఎలుక లోపల ఆ మందు మిగిలే ఉంటుంది.

కక్కితే కంగారుపడి మళ్ళీ పెట్టొద్దు. 10 నుంచి 14 రోజులు ఆగి, సగం కొలతది పెట్టాలి. కక్కడానికి కారణాలు మూడే ఎక్కువ: తిన్న వెంటనే ముట్టడం, చలి, పెద్ద ఎలుక.

వంశధార_గుణుపురం
చలి అంటే ఎంత? ఇక్కడ డిసెంబరు రాత్రులు 12, 13కి దిగుతాయి. ఫ్లోరిడా పిల్లకి బల్లి వాసన అన్నారు, అదెలా?

చలికొండ_సిమిలిగుడ
తిన్న పాముకి వెచ్చని మూల 29 నుంచి 31 ఉండాలి, చల్లని వైపు 23, 24. కరెంటుతో వేడెక్కే హీట్ మ్యాట్ పెట్టె అడుగున మూడో వంతుకే, వేడి హద్దు దాటకుండా ఆపే థర్మోస్టాట్‌తో. థర్మోస్టాట్ తీగ మొన మ్యాట్‌కీ పెట్టె అడుక్కీ మధ్య టేపుతో అంటించాలి. గాల్లో వేలాడదీస్తే మ్యాట్ మండుతూనే ఉంటుంది, పాము పొట్ట కాలుతుంది. సిమిలిగుడ చలికి మ్యాట్ నాలుగు నెలలు వాడాలి, మీకు డిసెంబరు, జనవరి చాలు. కరెంటు పోతే ఒక రాత్రి 15 డిగ్రీలకి దిగినా ఖాళీ కడుపు పాముకి ఏమీ కాదు, కడుపులో ఎలుక ఉంటే కుళ్ళుతుంది. అందుకే గాలివాన హెచ్చరిక ఉన్న రోజుల్లో తిండి పెట్టొద్దు.

బల్లి వాసనకి బల్లిని చంపక్కర్లేదు. గోడ బల్లి విడిచిన పొర దొరికితే తడిపి పింకీ ముక్కు మీద రుద్దాలి. ముందు పింకీని నీళ్ళలో కడిగి ఎలుక వాసన పోగొట్టాలి. తర్వాత చిన్న డబ్బాలో పింకీ, పాము కలిపి చీకట్లో రాత్రంతా వదిలెయ్యాలి.

కొమ్ముబొమ్మ_పర్లాకిమిడి
కరెంటు సంగతి వచ్చింది కాబట్టి. పాము కన్నా ముందు పాడయ్యేది దాని తిండికి ఫ్రీజర్‌లో దాచిన ఎలుకలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత గజపతి జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. కరిగి మళ్ళీ గడ్డకట్టిన ఎలుక పెట్టకూడదు. నెలకి సరిపడా మించి నిల్వ వద్దు. ఫ్రీజర్‌లో గాజు గ్లాసుతో నీళ్ళు గడ్డ కట్టించి పైన ఒక నాణెం పెట్టు. ఊరి నుంచి వచ్చేసరికి నాణెం కిందికి దిగి ఉంటే ఫ్రీజర్ మధ్యలో ఆగిందని తెలుస్తుంది. ఇంటివాళ్ళు తినే ఫ్రిజ్‌లో కాకుండా విడిగా చిన్న ఫ్రీజర్ అయితే గొడవ ఉండదు.

ప్రాణహిత_సిరొంచ
మంచుల నుంచి తీసినంక ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరల పెట్టి కరగనియ్యాలె. తెల్లారి జిప్ కవరుల పెట్టి 40 డిగ్రీల నీళ్ళల 15 నిమిషాలు. మైక్రోవేవ్ అసలే వద్దు, పొట్ట పగుల్తది. పొడుగు చిమటతోని తోక పట్టి ఆడించాలె, చేతితోని కాదు.

బరంపురం_పట్టు
అడగొచ్చో లేదో. పాముల్ని తింటుంది కదా, దీన్ని తోటలో వదిలితే రక్తపింజరులు తగ్గవా?

జయపురం_పశువైద్యం
వద్దే వద్దు. కింగ్‌స్నేక్ తట్టుకునేది దాని దేశపు రాటిల్‌స్నేక్ (తోక గిలక్కొట్టే విషపు పాము) లాంటి పాముల విషాన్ని. నాగు, కట్లపాము విషానికి దానికి రక్షణ లేదు. స్పెయిన్‌కి చెందిన గ్రాన్ కనారియా దీవిలో పెంపుడు కాలిఫోర్నియాలు బయటపడి 1990ల చివరి నుంచి అక్కడే సంతానం పెట్టాయి. ఆ దీవికే సొంతమైన పెద్ద బల్లులు అవి చేరిన చోట్ల దాదాపు మాయమయ్యాయి. పెంచలేకపోతే ఇంకొకరికి ఇవ్వాలి గాని వదలకూడదు.

ఒక పెట్టెలో రెండు కూడా వద్దు. ఆడ, మగ, తోబుట్టువులు ఎవరైనా ఒకటి ఇంకోదాన్ని మింగుతుంది.

నాగావళి_గట్టు
చట్టం సంగతి కూడా చెప్పేద్దాం. మన దేశపు పామేదీ ఇంట్లో పెంచకూడదు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. 2022 సవరణ తర్వాత సైటిస్ (అరుదైన జంతువుల వ్యాపారం మీద దేశాల ఒప్పందం) పట్టికలో ఉన్న విదేశీ జంతువులకి కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి, ఆ నియమాలు 2024 ఫిబ్రవరిలో వచ్చాయి. బాల్ పైథాన్ వాటిల్లోకి వస్తుంది. కింగ్‌స్నేక్ సైటిస్ పట్టికలో లేదు. లేదు కాబట్టి కాగితాలే అక్కర్లేదని అమ్మేవాళ్ళు చెప్తే నమ్మొద్దు. ఎక్కడ పుట్టింది, తల్లిదండ్రులు ఎక్కడివి, దిగుమతి లైసెన్సు ఉందా అడిగి, బిల్లు మీద జాతి పేరు రాయించుకో. కొనే ముందే అటవీ శాఖ అధికారి, డీఎఫ్‌ఓ ఆఫీసులో ఒకసారి అడిగిరా.

చలికొండ_సిమిలిగుడ
బిల్లు మీద పేరంటే గుర్తొచ్చింది. మెక్సికన్ బ్లాక్ పేరుతో కాలిఫోర్నియా కలిసినవి అమ్ముతారు. పిల్ల గడ్డం కింద ఒకటి రెండు తెల్ల పొలుసులు మామూలే, పెరిగేకొద్దీ నల్లబడతాయి. పక్కల్లో వరసగా తెల్ల మచ్చలుంటే, వెన్ను మీద పట్టీల నీడ కనపడితే అనుమానించాలి. తల్లిదండ్రుల ఫోటో అడుగు.

వంశధార_గుణుపురం
ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు, వేసవిలో నేల మీదే పడుకుంటారు. కొమ్ముబొమ్మ అన్న చెప్పింది చదివాక పట్టీలది వద్దనుకున్నాను. ఫ్లోరిడా ఐదడుగులు ఎదిగితే పెట్టెకి చోటు లేదు. వెన్ను గీత కాలిఫోర్నియా తీసుకుంటాను. డీఎఫ్‌ఓ ఆఫీసుకి సోమవారం వెళ్తాను. పెట్టె ఇక్కడే చేయించాలి, కొలతలు చెప్పండి.

కొమ్ముబొమ్మ_పర్లాకిమిడి
పిల్లకి ముందు 6 లీటర్ల మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బా. పెద్ద పెట్టెలో వదిలితే బెదిరి తిండి మానేస్తుంది. గాలి కన్నాలు 3 మిల్లీమీటర్లు, సోల్డరింగ్ ఐరన్‌తో లోపలి నుంచి బయటికి పొడవాలి. బయటి నుంచి పొడిస్తే లోపల అంచులు ముళ్ళలా లేస్తాయి, మూతి రుద్దుకుని పుండవుతుంది. రెండు పక్కలా చెరో 20 కన్నాలు. దాక్కోడానికి రెండు చోట్లు, ఒకటి వెచ్చగా, ఒకటి చల్లగా, లోపల చుట్టుకుంటే ఒళ్ళు మూడు వైపులా తగిలేంత ఇరుకు.

ఏడాదిన్నరకి ప్లైవుడ్ పెట్టె, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు. లోపల మూలలకి అక్వేరియం సిలికాన్ వేసి వారం రోజులు ఆరనివ్వాలి. జరిపే అద్దం కాకుండా కబ్జాల తలుపు పెట్టించు, రెండు చోట్ల గొళ్ళెం, ఒకదానికి తాళం. తలుపు సందులో పోస్టుకార్డు దూరితే వడ్రంగితో మళ్ళీ సరిచేయించు.

జయపురం_పశువైద్యం
తెచ్చాక మొదటి వారం చెయ్యి పెట్టకండి, నీళ్ళు మార్చడం తప్ప. ఎనిమిదో రోజు చిన్న పింకీతో మొదలు. వంటింటి కాటా మీద డబ్బాతో సహా తూచి, డబ్బా బరువు తీసేసి, తేదీతో రాసిపెట్టండి. కుబుసం విడిచిన ప్రతిసారీ పొర విప్పి తోక కొన, రెండు కళ్ళ పొరలు వచ్చాయో లేదో చూడండి. కొన మీద పొర ఉండిపోతే రక్తం ఆడక తోక నల్లబడుతుంది. తడిపిన గుడ్డలో అరగంట తిరగనిస్తే ఊడుతుంది. కంటి పొర మాత్రం గోటితో లాగొద్దు, తరువాతి కుబుసం దాకా ఆగి, అప్పటికీ ఉంటే చూపించండి.

వంశధార_గుణుపురం
రాసుకున్నాను డాక్టరు గారూ. వడ్రంగికి పోస్టుకార్డు కొలత కూడా చెప్పాను.